మత విశ్వాసం, గ్రంథ వ్యాఖ్యానం నిష్పాక్షికంగా ఉండగలవా? తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు అరండల్‌పేటలో ఒక మేడ మీది గదిలో ఆదివారం సాయంత్రాలు కూర్చుని మత గ్రంథాలు చదువుకునే చిన్న బృందం మాది. ఒక వారం గీత, ఒక వారం సువార్త, ఒక వారం ఖురాన్, మధ్యలో ఉపనిషత్తులు, బౌద్ధ సూత్రాలు. ఏ గ్రంథం తెరిచినా కొత్తవాళ్లకు వచ్చే సందేహాలు మాత్రం మారవు. నోటితో చెప్పి చెప్పి విసిగి ఇలా రాసి పెట్టాను. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టవచ్చు, దేని జవాబు దానిదే. అభిప్రాయాలు నావి. బృందంలో సగంమంది వీటిలో కొన్నింటితో ఏకీభవించరు.

## రావడానికి ముందు

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. నేను వచ్చి ఏం చేయాలి?

చదవాలి. ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ, గుణదల కొండ మీద మేరీమాత, పటమటలో నాస్తిక కేంద్రం ఒకే ఊళ్లో సర్దుకుని ఉన్న ప్రాంతం మనది. నాస్తికోద్యమ నాయకుడు గోరా 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో విజయవాడకు తెచ్చిన ఆ కేంద్రం పక్క వీధిలోనే భజనలూ జరుగుతాయి, ప్రార్థనలూ జరుగుతాయి. నమ్మనివాళ్లు మా గదికి కొత్త కాదు. మేం అడిగేది ఒక్కటే: ఒక వాక్యాన్ని తోసిపుచ్చే ముందు దాని ముందు పది వాక్యాలు, వెనక పది వాక్యాలు చదివి ఉండాలి. నమ్మేవాళ్లకూ ఇదే షరతు. దీన్ని ఎక్కువగా తప్పేది ఎవరని అడిగితే, రెండు పక్షాలూ సమానమే.

నేను భక్తుణ్ని. ఇక్కడికి వస్తే నా నమ్మకం సడలిపోతుందా?

సడలవచ్చు, గట్టిపడవచ్చు. రెండూ చూశాం. పూచీ ఇవ్వలేం. కానీ ప్రశ్నించడం భక్తికి పరాయిది అనుకుంటే మాత్రం శంకరాచార్యుల గీతాభాష్యం ఒకసారి తిరగేయండి. పద్దెనిమిదో అధ్యాయంలో ‘సర్వధర్మాన్ పరిత్యజ్య’ శ్లోకం దగ్గర ఆయన అంటారు: నిప్పు చల్లగా ఉంటుందని, వెలుగు ఇవ్వదని నూరు శ్రుతి (వేద) వాక్యాలు చెప్పినా అవి ప్రమాణం కావు. వేదాన్ని పరమ ప్రమాణంగా తీసుకున్నవారి మాట ఇది. ప్రత్యక్షంగా తెలిసే విషయాల్లో శ్రుతికి పని లేదని, శ్రుతి చెప్పేది వేరే విధంగా తెలియని సంగతులనని ఆయన లెక్క.

సంస్కృతం, అరబ్బీ, హీబ్రూ రావు. తెలుగు అనువాదం చాలదా?

మొదలుపెట్టడానికి చాలు. అయితే ఒకటి కాదు, రెండు అనువాదాలు పక్కపక్కన పెట్టుకోండి. రెండూ ఒకేలా ఉన్నచోట ముందుకు సాగండి. వేరుగా ఉన్నచోట ఆగండి. అక్కడే మూలంలో ముడి ఉంటుంది.

## చదువుతున్నప్పుడు

గ్రంథంలో అసలు ఏముందో తేల్చడం సాధ్యమా? అది కూడా ఎవరి అభిప్రాయం వారిదేనా?

చాలావరకు సాధ్యమే. అందరికీ తెలుసనుకునే సంగతి ఒకటి తీసుకుందాం. మయసభలో దుర్యోధనుడు నీళ్లలో పడ్డప్పుడు ద్రౌపది నవ్వి, ‘గుడ్డివాడి కొడుకు గుడ్డివాడే’ అందని మనలో నూటికి తొంభైమంది చెబుతారు. భారత యుద్ధానికి ఆ నవ్వే కారణమని తీర్పు కూడా ఇచ్చేస్తారు.

పుణేలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919 నుంచి 1966 వరకు శ్రమించి మహాభారతానికి సంశోధిత ప్రతి తయారుచేసింది. దేశంలోని రకరకాల లిపుల్లో, తెలుగు లిపితో సహా, దొరికిన 1,259 రాతప్రతులను పోల్చారు. అందులో సభాపర్వం చూడండి. దుర్యోధనుడు పడ్డప్పుడు నవ్వింది సేవకులు, తరవాత భీముడు, అర్జునుడు, కవలలు. ఆ ఘట్టంలో ద్రౌపది పేరే లేదు. గుడ్డివాడి కొడుకు అన్న మాట అసలే లేదు.

ఇక్కడితో ఆపితే బాగానే ఉంటుంది, కానీ అది సగం నిజం. మూడు అధ్యాయాల తరవాత దుర్యోధనుడు తండ్రి దగ్గర కూర్చుని వాపోతూ, కృష్ణుడు అర్జునుడితో కలిసి నవ్వాడని, ద్రౌపది స్త్రీలతో కలిసి నవ్వి తన మనసు గాయపరిచిందని చెబుతాడు. అంటే కథకుడు చెప్పనిది పాత్ర చెబుతోంది. అతను అబద్ధం ఆడాడా? అవమానంతో రగిలిపోతున్నవాడికి అందరూ నవ్వినట్టే అనిపించిందా? లేక కథకుడే ఆమె పేరు వదిలేశాడా?

ఇప్పుడు హద్దు గీత ఎక్కడ పడిందో గమనించండి. ‘ఆ మాట ప్రాచీన పాఠంలో ఉందా?’ అన్నదానికి జవాబు ఉంది. దానికి మీ కులంతో, మతంతో, మీరు ఆడో మగో అన్నదానితో పని లేదు. ‘దుర్యోధనుడు ఎందుకలా చెప్పాడు?’ అన్నదానికి బలమైన ఊహలు, బలహీనమైన ఊహలు ఉన్నాయి. ‘ఆమె నవ్వి ఉంటే తప్పా?’ అన్నది మాత్రం మీ మీద పడే ప్రశ్న. దానికి ఏ రాతప్రతీ జవాబు చెప్పదు. మూడింటినీ ఒకే మూటలో కట్టి ‘అంతా అభిప్రాయమే’ అనడం బద్ధకం.

ఒకే వాక్యానికి ఇద్దరు మహా పండితులు రెండు అర్థాలు చెప్పారంటే ఎవరో ఒకరు తప్పే కదా?

కావచ్చు. కొన్నిసార్లు వాక్యమే రెండు దారులు తెరిచి ఉంచుతుంది.

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు తొమ్మిదిసార్లు చెప్పే మాట ‘స ఆత్మా తత్త్వమసి’. దాన్ని ‘ఆత్మా, తత్ త్వమ్ అసి’ అని విడగొడితే ‘అది నీవే’. మధ్వాచార్యులు ‘ఆత్మా, అతత్ త్వమ్ అసి’ అని విడగొట్టారు: ‘నీవు అది కావు’. ఆత్మా పక్కన తత్ ఉన్నా, అతత్ ఉన్నా చెవికి వినపడేది, ఖాళీలు లేకుండా రాస్తే కంటికి కనపడేది ఒకటే. సంధి రెండింటికీ ఒప్పుకుంటుంది. వ్యాకరణం చేతులెత్తేసింది కాబట్టి సందర్భం దగ్గరికి వెళ్లాలి. జీవుడూ బ్రహ్మమూ ఒకటేననే అద్వైతి ఆ వాక్యానికి ముందున్న ‘ఐతదాత్మ్యమిదం సర్వం’ చూపిస్తాడు: ఇదంతా దానినే ఆత్మగా కలిగి ఉందన్నాక, నీవు మాత్రం అది కావు అనడం పొసగదంటాడు. రెండూ వేరనే ద్వైతి ఉదాహరణలు చూపిస్తాడు: దారానికి కట్టిన పక్షి, సముద్రంలో కలిసే నదులు. పక్షీ దారమూ ఒకటి కావు కదా అంటాడు. రామానుజులది మూడో దారి, శరీరానికీ ఆత్మకూ ఉండే సంబంధంతో ఐక్యాన్ని చెబుతారు. నా మటుకు నాకు ‘అతత్’ విరుపు బలవంతంగా కనిపిస్తుంది. మా బృందంలోని మాధ్వ పెద్దాయన దీనికి ఒప్పుకోరు, ఆయన వాదన వింటే కాసేపు నేనూ తడబడతాను.

ఖురాన్‌లోనూ ఇలాంటి చోటు ఉంది. మూడో సూరా (అధ్యాయం) ఏడో ఆయత్‌లో (వాక్యంలో) స్పష్టమైన వాక్యాలు కొన్ని, పలు అర్థాలకు తావిచ్చేవి కొన్ని ఉన్నాయని చెప్పి, వాటి అంతరార్థం అల్లాహ్‌కు తప్ప ఎవరికీ తెలియదని వస్తుంది. వెంటనే ‘జ్ఞానంలో స్థిరపడినవారు’ అన్న మాట. అల్లాహ్ దగ్గర ఆగితే ఆ అర్థం దేవుడికొక్కడికే తెలుసు. ఆగకుండా చదివితే పండితులకూ తెలుసు. సున్నీ సంప్రదాయంలో ఎక్కువమంది అక్కడ ఆగుతారు. షియా పండితులు, సున్నీలలో కొందరు ఆగరు. వ్యాఖ్యానానికి మనిషికి హక్కు ఉందా లేదా అన్న ప్రశ్న ఊపిరి ఎక్కడ తీసుకుంటారన్న దాని మీద ఆధారపడింది!

అయినా చూడండి, తేలనివి రెండో మూడో దారులు. ముప్పై కాదు. ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకోవచ్చన్న లైసెన్సు ఈ వాక్యాలు ఇవ్వడం లేదు.

రచయిత మనసులో ఏముందో అదే కదా సరైన అర్థం?

తొలినాటి క్రైస్తవ ప్రచారకుడు పౌలు కొరింథీయులకు ఉత్తరం రాశాడు. అక్కడ ఆ ప్రశ్న చెల్లుతుంది. ఎవరికి రాశాడు, ఏ గొడవ గురించి రాశాడు అని వెతకవచ్చు. వేదానికి మాత్రం కర్తే లేడని, వేదవాక్యాల అర్థం తేల్చే మీమాంసకుల సిద్ధాంతం, దేవుడు కూడా కాదు. రాసినవాడు లేనప్పుడు ఉద్దేశం ఎవరిది? అందుకని వాళ్లు వాక్యంలోనే గుర్తులు వెతికే పద్ధతి తయారుచేశారు. ఆరు తాత్పర్య లింగాలు: మొదలూ ముగింపూ ఏమంటున్నాయి, ఏది మళ్లీ మళ్లీ వస్తోంది, కొత్తగా చెబుతున్నది ఏది, ఫలం ఏమిటి, దేన్ని పొగుడుతోంది, ఏ యుక్తి చూపుతోంది.

ఈ కొలబద్దను తిలక్ గీతకు పెట్టారు. మొదట్లో అర్జునుడు యుద్ధం చేయనంటాడు. చివర ‘కరిష్యే వచనం తవ’ అని లేస్తాడు. కాబట్టి గీత సారం కర్మ అని మాండలే జైలులో కూర్చుని రాశారు. అదే గీతలో గాంధీకి అనాసక్తి (ఫలం మీద ఆశ లేకపోవడం), దాని వెంట అహింస కనిపించాయి, కురుక్షేత్రం మనిషి లోపలి యుద్ధమయింది. శంకరులకు జ్ఞానం, సర్వకర్మ సన్న్యాసం. ఈ గుర్తులు తెలియకనా శంకరులు అలా చెప్పారు? పద్ధతి తప్పులను ఏరేస్తుంది కానీ, ఒక్క జవాబును మాత్రమే మిగల్చదు. నన్నడిగితే మొదలూ చివరా చూసినప్పుడు తిలక్ వాదనకు బలం ఎక్కువ, మధ్య అధ్యాయాల దగ్గర ఆయన కొంచెం తొందరపడతారు.

అక్షరాలా తీసుకోవాలా, అలంకారంగా తీసుకోవాలా?

ముందు మీరే ఎక్కడెక్కడ ఏది చేస్తున్నారో చూసుకోండి. మత్తయి సువార్త ఐదో అధ్యాయం చదువుతున్న రోజు ఇది కళ్లకు కట్టినట్టు కనిపించింది. కుడికన్ను తప్పుదారి పట్టిస్తే పెరికి పారవేయమన్న 29వ వచనం దగ్గర ఎవరూ ఆగలేదు. ‘అది ఉపమానం’ అని ఒకరు, తలలూపి మిగతావాళ్లు. రెండు వచనాల తరవాత విడాకుల మాట రాగానే గది వేడెక్కింది. అదే నోళ్లు ‘ఇది అక్షరాలా ఆజ్ఞ’ అన్నాయి. బల్ల చివర కూర్చున్న పాస్టరుగారు వేలు రెండు వచనాల మధ్య పెట్టి, ‘ఏ సూత్రంతో ఇక్కడ గేరు మార్చారు?’ అని అడిగారు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

గేరు మార్చడం తప్పు కాదు. కారణం చెప్పగలగాలి, ఆ కారణం మీకు నచ్చని చోట కూడా వర్తించాలి. సృష్టి కథను ప్రకృతి గురించి తెలిసినవాళ్ల ముందు అడ్డదిడ్డంగా వివరించి నవ్వులపాలు కావద్దని క్రైస్తవ మతాచార్యుడు ఆగస్టీన్ క్రైస్తవులను హెచ్చరించి పదహారు వందల ఏళ్లు దాటింది.

## వాదన ముదిరినప్పుడు

ఎవరి కళ్లద్దాలతో వాళ్లు చదువుతారు. ఇక నిష్పాక్షికత అనేదే బూటకం కదా?

ఈ ప్రశ్న అడిగేవారు చాలా తెలివైనవారై ఉంటారు, అందుకే దీన్ని ఎక్కువసేపు తిప్పలేం. ప్రతి పాఠకుడికీ పక్షం ఉందన్నది నిజం. అందువల్ల అన్ని పాఠాలూ సమానమన్నది దాని నుంచి రాదు. మన మిర్చి యార్డులో అమ్మేవాడికీ స్వార్థం ఉంది, కొనేవాడికీ ఉంది. అయినా టిక్కీలో (బస్తాలో) కాయ తడిసిందా ఎండిందా అన్నది ఇద్దరి ఇష్టంతో మారదు, తేమ కొలిచి చూడవచ్చు. ధర దగ్గర బేరం సాగుతుంది, నిజమే. ఆ బేరానికి కూడా తేమ శాతం ఒక హద్దు గీస్తుంది.

నిష్పాక్షికత మనిషి గుండెలో ఉండే గుణమని అనుకోవడం దగ్గరే చిక్కంతా వస్తోంది. అలా అయితే అది ఎవరికీ ఉండదు. వాదన జరిపే తీరులో దాన్ని వెతకండి. ఏ ఆధారం దొరికితే నా పాఠం తప్పని ఒప్పుకుంటానో ముందే చెప్పానా? అవతలివాళ్ల వాదనను వాళ్లే ‘అవును, మేం అనేది ఇదే’ అనేంత న్యాయంగా చెప్పానా? మన శాస్త్రకారులు పూర్వపక్షం (ఎదుటివాళ్ల వాదన) రాయకుండా సిద్ధాంతం మొదలుపెట్టేవారు కాదు. పక్షం ఉన్నవాడే, పద్ధతి వల్ల, తన పక్షానికి ఎదురు తిరిగే ఫలితాన్ని ఒప్పుకోవలసి రావచ్చు. అది జరిగే వీలు ఉన్నచోట నిష్పాక్షికత ఉంది. లేనిచోట ప్రచారం ఉంది.

గ్రంథం సంగతి సరే. దేవుడు ఉన్నాడన్న నమ్మకం నిష్పాక్షికం కాగలదా?

నమ్మకంలో ఏ భాగం గురించి అడుగుతున్నారన్న దాన్ని బట్టి. నిప్పుల గుండం తీసుకోండి. భక్తితో తొక్కితే కాళ్లు కాలవని నమ్మకం. గోరా అనుచరులు ఏ దేవుణ్నీ తలవకుండా తొక్కి చూపించారు. బొగ్గు వేడిని నెమ్మదిగా వదులుతుంది, పాదం ఆనేది క్షణమే. కాబట్టి కాళ్లు కాలకపోవడానికి దేవత అవసరం లేదని తేలింది. దేవత లేదని తేలిందా? లేదు. అది వేరే మాట.

దేవుడి ఉనికి మీద మన తార్కికులే చీలిపోయారు. నైయాయికుడు (న్యాయశాస్త్ర పండితుడు) ఉదయనుడు అనుమాన ప్రమాణంతో, అంటే గుర్తులను బట్టి ఊహించే తర్కంతో, ఈశ్వరుణ్ని నిరూపించబోయాడు. వేదాన్ని ప్రాణంగా కాపాడిన కుమారిల భట్టు సృష్టికర్తను ఒప్పుకోలేదు. ‘వేదం నమ్మేవాడు దేవుణ్ని నమ్ముతాడు’ అన్న మన లెక్కకు ఆయన అందడు. ఈ వాదనల్లో ఏది చెల్లుతుంది, ఎక్కడ హేత్వాభాస (తర్కదోషం) ఉంది అన్నది నిష్పాక్షికంగా పరీక్షించవచ్చు. పరీక్ష పూర్తయ్యాక కూడా నమ్మేవాళ్లు, నమ్మనివాళ్లు మిగులుతారు. నేను ఏ పక్షమో ఇక్కడ రాయను. రాస్తే మిగతా పేజీని ఆ అద్దంతో చదువుతారు.

నాకు స్వయంగా అనుభవం అయింది. దాన్ని ఎవరు కాదనగలరు?

ఎవరూ కాదనలేరు, కాదనకూడదు కూడా. అనుభవం మీది. ‘కాబట్టి ఫలానా సిద్ధాంతం నిజం’ అన్న తరవాతి మెట్టు మాత్రం అందరిదీ. వేరువేరు మతాలవాళ్లు అలాంటి అనుభవాల నుంచే పొసగని సిద్ధాంతాలకు చేరారు.

ఆధునిక శాస్త్రం కనిపెట్టినవన్నీ మా గ్రంథంలో ముందే ఉన్నాయట కదా?

ప్రతి మతంవారూ ఇదే అడుగుతారు, ఉదాహరణలే మారతాయి: విమానాలు, కాంతి వేగం, పిండం పెరుగుదల. జవాబు ఒక ఎదురు ప్రశ్న. ఆ వాక్యం చదివి, శాస్త్రవేత్తల కన్నా ముందు, ఆ సంగతి ఎవరైనా చెప్పారా? కనిపెట్టిన మర్నాడు దొరికే అర్థం వ్యాఖ్యానం అనిపించుకోదు. గ్రంథానికి దీనివల్ల గౌరవం పెరగదు, తరుగుతుంది.

మరి కోర్టులు ఎలా తేలుస్తున్నాయి?

కష్టంగా. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు, ఒక మతానికి ఏది అత్యవసర భాగమో ప్రధానంగా ఆ మతం సిద్ధాంతాలను బట్టే చూడాలంది. అంటే న్యాయమూర్తులు గ్రంథాలు తెరవక తప్పలేదు. 1985లో షాబానో కేసులో ఖురాన్ రెండో సూరాలోని వాక్యాలను ఆధారంగా చూపి విడాకులిచ్చిన భార్యకు భరణం ఇవ్వాలన్నారు, మరుసటి ఏడే పార్లమెంటు వేరే చట్టం చేసింది. 2017లో మూడుసార్ల తలాక్ కేసులో ఒకే ధర్మాసనం చీలింది. ఖురాన్‌కు విరుద్ధమైనది షరియత్‌లో మంచిది కాజాలదని ఒక న్యాయమూర్తి రాశారు. అది ఆ సమాజం వ్యక్తిగత చట్టంలో భాగమని, కోర్టు జోక్యం తగదని ఇద్దరన్నారు. 2018 శబరిమల తీర్పు 4:1. ఆ ఒక్కరు, జస్టిస్ ఇందూ మల్హోత్రా, మతాచారం హేతుబద్ధమా కాదా అన్నది కోర్టు తూచే విషయం కాదన్నారు. కోర్టు తీర్పు వివాదాన్ని ముగిస్తుంది. అర్థాన్ని ముగించదు.

## ఇంటికి వెళ్లాక

తపస్సు చేసిన శూద్రుణ్ని రాముడు చంపే శంబూకుడి కథ లాంటివి వచ్చినప్పుడు ‘అది ప్రక్షిప్తం (తరవాత చేర్చింది)’ అని పక్కన పెట్టవచ్చా?

ఆధారం ఉంటే పెట్టవచ్చు. ఉత్తరకాండ వాల్మీకి రామాయణానికి తరవాత చేరిందని చాలామంది పరిశోధకులు భావిస్తారు. భాష, కథనం, ముందు కాండల ముగింపు, అన్నీ చూసి చెప్పిన మాట అది. అయితే ఒక చిన్న పరీక్ష ఉంది. ఉత్తరకాండను తీసేస్తే శంబూకుడితో పాటు లవకుశుల కథ కూడా పోతుంది. దాన్ని వదులుకోవడానికి సిద్ధమేనా? మనకు ఇబ్బంది కలిగించే శ్లోకాన్ని ప్రక్షిప్తమని, ముద్దొచ్చేదాన్ని వాల్మీకిదని అనడం మన సౌకర్యం, అంతే.

పైగా ఎవరు ఎప్పుడు చేర్చినా, శతాబ్దాల పాటు ఆ కథను ప్రమాణంగా విన్న సమాజం ఉంది. తెనాలిలో సూతాశ్రమం పెట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి ‘శంబుకవధ’ నాటకం రాసింది అందుకే. తాళపత్రాల తేదీలు ఆయనకు ముఖ్యం కాదు, ఆ కథ ఊళ్లలో చేస్తున్న పని ముఖ్యం. 1927 డిసెంబరు 25న మహాడ్‌లో అంబేడ్కర్ మనుస్మృతిని దహనం చేసినప్పుడు, శ్లోకాలకు మెత్తని అర్థాలు వెతికే దారి ఆయన ఎంచుకోలేదు. గ్రంథం ఆ మాట అన్నదనే ఒప్పుకుని, దాన్ని తిరస్కరించారు. చదువరిగా నాకు ఆ నిజాయితీ నచ్చుతుంది. వాక్యం ఏమంటోంది అన్నది ఒక నిర్ణయం, దాన్ని పాటించాలా అన్నది ఇంకో నిర్ణయం. రెండోదాన్ని మొదటిదాని వెనక దాచకూడదు.

ఇంట్లో పెద్దవాళ్లతో ఇవన్నీ ఎలా మాట్లాడాలి?

పెళ్లి పందిట్లో, పెద్దకర్మ రోజున మాట్లాడకండి. మిగతా రోజుల్లో ‘అలా ఎక్కడుంది, చూపించు’ అనకండి. ‘తాతయ్యా, ఈ శ్లోకం మీరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు?’ అని అడగండి. చాలాసార్లు గ్రంథంలో లేని గొప్ప సంగతులు బయటికి వస్తాయి. నిజానికి ఇళ్లలో జరిగే గొడవల్లో ఎక్కువ భాగం అర్థం గురించి కావు, ఎవరి మాట చెల్లాలన్నదాని గురించి.

ఒక వ్యాఖ్యానం మంచిదో కాదో నేనే ఎలా చూసుకోవాలి?

ముందుగా ఎదురు వాదన ఎన్ని పేజీలు ఉందో చూడండి. బౌద్ధ తత్వవేత్త ఆచార్య నాగార్జునుడి ‘విగ్రహవ్యావర్తని’లో ఉన్నవి 70 శ్లోకాలు. అందులో మొదటి 20 ఆయన్ను ఖండించేవే. ‘అన్నీ శూన్యమైతే నీ మాట కూడా శూన్యమే, అది దేన్ని ఖండిస్తుంది?’ అన్న చురుకైన ప్రశ్నతో మొదలుపెట్టి, ప్రత్యర్థికి పూర్తిగా చోటిచ్చాకే జవాబు అందుకుంటాడు. ఆయన పేరు మోస్తున్న కొండ పల్నాడులో ఉంది, మనవాళ్లు పిక్నిక్‌కు వెళ్తుంటారు.

రెండోది, వ్యాఖ్యాత తన సిద్ధాంతానికి అడ్డొచ్చే వాక్యాల దగ్గర ఆగుతాడా, దాటేస్తాడా? మూడోది, ప్రతి వాక్యమూ ఆయనకు ముందే ఉన్న అభిప్రాయాన్నే బలపరిస్తే అనుమానించండి.

వచ్చే ఆదివారానికి ఏం చదువుకుని రావాలి?

బౌద్ధ గ్రంథం అంగుత్తర నికాయంలోని కాలామ సూత్రం. చిన్నది, అరగంట చాలు. ‘ఎవరు చెప్పినా నమ్మకు, నీ బుద్ధికి తోచిందే నమ్ము’ అని బుద్ధుడి బొమ్మతో ఫోన్లలో తిరిగేది దీని ముక్కే. పూర్తి సూత్రంలో ఆధారం చేసుకోవద్దన్నవి పది ఉన్నాయి. విన్నమాట, పరంపర, గ్రంథంలో ఉందనడం, గురువు మీది గౌరవం ఆ పదిలో ఉన్నాయి. కేవలం తర్కం, మనకు ముందే నచ్చిన అభిప్రాయంతో సరిపోవడం కూడా ఉన్నాయి. ఆ తరవాత, విజ్ఞులు దేన్ని మెచ్చుతారో చూడమనీ ఉంది. ఫోన్లో వచ్చిన బొమ్మ ఉంటే అది కూడా తెండి, పక్కన పెట్టుకుని ఏవేవి ఎగిరిపోయాయో చూద్దాం.